కరువు దిబ్బ

గవర్నరుపేట, విజయవాడ
12 ఆగస్టు 1997

శ్రీమతి సాజిదా బేగం గారికి,
సైంటిస్టు, బందరు.

"గారు" అన్నానని నవ్వకు. హాస్టల్లో నాతో ఒకే కంచంలో తిన్న మనిషి ఎదుటి పక్షం చేతిలో కాగితమై కనిపిస్తే ఎలా పిలవాలో నిన్ననే నేర్చుకున్నాను.

మడపాలెం వాళ్ల కేసు నేను చూస్తున్నానని నీకు తెలుసు. రొయ్యల చెరువుల మురుగంతా ఒక కాలవలోకి తోడి, ఊరి పక్కనుంచి సముద్రంలోకి వదులుతున్నారు, దాన్ని ఆపించండి అని ఆ ఊళ్లో వేట చేసుకునేవాళ్లు కోర్టుకెక్కారు. బావులు ఉప్పెక్కాయి. సముద్రంలో వేట పోయింది. బావుల సంగతి నీళ్లు పరీక్ష చేయించి రుజువు పెట్టాను. సముద్రం సంగతికి రుజువేది? చేపలు వకాల్తా ఇవ్వవు కదా.

నిన్న హైదరాబాద్‌లో వాయిదా. రొయ్య రైతుల సంఘం ప్రెసిడెంటు రామకోటేశ్వరరావు వెనక బెంచీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వాళ్ల లాయరు లేచి, నిగనిగలాడే ఒక పత్రిక తీసి చదివాడు: "ఈ కాలవ నోటికెదురుగా సముద్రపు అడుగు నేల ఆరోగ్యంగా ఉంది. పురుగులు, గుల్లలు సమృద్ధిగా ఉన్నాయి." చదివి, రాసినావిడ పేరు కూడా చదివాడు. మన జిల్లా ఆడపడుచేనట, పేదల పక్షం మనిషేనట, అందుకని ఇంకా నమ్మాలట. జడ్జి గారు నా వైపు తిరిగి "ఏమంటారమ్మా?" అన్నారు. ఏమంటాను? "ఆవిడ నా స్నేహితురాలండీ" అననా?

ఎంతిచ్చారే నీకు? డబ్బు కాదులే, అది తీసుకునే ముఖం కాదు నీది. ఇంకేదో ఇచ్చి ఉంటారు. మంచి పడవా? ఫారిన్ సెమినారా? "మేడమ్ చాలా ఆబ్జెక్టివ్" అన్న మెప్పా?

రొయ్య "రైతులు" ట! రైతంటే దుక్కి దున్నేవాడు. మూడూళ్ల మాగాణి కౌలుకి తీసుకుని, ఉప్పునీళ్లు పెట్టి, రెండు పంటలు లాగి, చెరువుకి వైరస్ తగలగానే గండి కొట్టి పక్కూరికి పోయేవాడు రైతా? అందులో ఒకాయనకి సినిమా హాలు, ఇంకొకాయనకి నర్సింగ్ హోము. పోతూ పోతూ వాళ్లు వదిలేసిన పొలంలో గడ్డి కూడా మొలవదు. వాళ్లకి ఇప్పుడు సైన్సు దొరికింది. కత్తి వాళ్లదే, పిడి నువ్వు చెక్కిచ్చావు.

ఫోన్ చెయ్యను. మీ ఆఫీసుకి ఉన్న ఒక్క ఫోనూ ఆఫీసరు బల్ల మీదుంటుంది, నువ్వు "ఆఁ, ఊఁ" తప్ప అనవు. జవాబు కాగితం మీద కావాలి. నోటితో అన్నది కోర్టులో చెల్లదు, నా దగ్గరా చెల్లదు.

ఎలిజబెత్, అడ్వొకేటు


బందరు
20 ఆగస్టు 1997

అడ్వొకేటు ఎలిజబెత్ గారికి,

నీ ఉత్తరం అందింది. ఎంతిచ్చారని అడిగావు కాబట్టి ముందు అది చెబుతాను. పేపరు అచ్చయ్యాక రామకోటేశ్వరరావు గారు ఒక బుట్ట టైగర్ రొయ్యలు పంపారు. తిప్పి పంపాను. డ్రైవరు గుమ్మంలో నిలబడి "మేడం గారూ, వాపసు తీసుకెళ్తే మా అయ్యగారు నన్ను చంపుతారండీ" అని బతిమాలాడు. "అయితే నువ్వే వండుకు తిను నాయనా" అన్నాను. రాసుకో. నీ కేసులో పనికొస్తుందేమో.

ఇరవై ఏళ్ల స్నేహంలో నేను చేసే పనేమిటో నువ్వు ఒక్కసారి అడగలేదు. ఇప్పుడు విను. పడవలో వెళ్తాను. ఇనప దోసిలి లాంటి యంత్రాన్ని తాడుతో దించుతాను. అడుగు తాకగానే ఆ దోసిలి మూసుకుని ఇంత బురద పట్టుకొస్తుంది. దాన్ని జల్లెడ పట్టి, ప్రాణమున్న ప్రతిదాన్నీ మందు సీసాలో వేసి, ఆఫీసుకొచ్చి లెక్కపెడతాను. ఎండలో, వాంతులు చేసుకుంటూ, పడవలో నేనొక్కదాన్నే ఆడదాన్నై, రెండేళ్లు చేశానది. చచ్చిన నేల చూస్తాననే వెళ్లాను. బతికున్న నేల పైకొచ్చింది. ఏం చెయ్యమంటావు? గుల్లలకి దాక్కోమని చెప్పనా?

నీ పక్షం న్యాయమైనదే. ఆ చెరువుల మీద నాకూ నీకున్నంత అసహ్యం ఉంది. అంతమాత్రాన సముద్రపు నేల కూడా నీ పార్టీలో సభ్యత్వం తీసుకోవాలా? ఊరేగింపులో నీ వెనక నడిచిన రోజుల్లో నినాదం నువ్వు ఇచ్చేదానివి, నేను అందుకునేదాన్ని. ఈ రోజుకీ అలాగే ఉండాలంటావు. నేను లెక్కపెట్టేదాన్నే. ముందు నినాదం రాసుకుని తర్వాత లెక్కపెట్టమంటే అది రామకోటేశ్వరరావు చేసే పనే అవుతుంది, జెండా రంగే వేరు.

బావుల మీద వాదించు. సముద్రం జోలికి రాకు. అక్కడ నువ్వు ఓడిపోతావు.

సాజిదా


విజయవాడ
6 అక్టోబరు 1997

సాజిదా,

"గారు" తీసేశాను. కోపం తగ్గి కాదు, మడపాలెం వెళ్లొచ్చి.

చల్లపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, ఆపైన చెరువు గట్ల మీద నడక. ఎటు చూసినా నీళ్లే, తాగడానికి చుక్క లేదు. ట్యాంకరు వచ్చిందంటే ఆడవాళ్లు బిందెలతో ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు. చెరువుల కాపలావాడు నన్ను ఆపి "ఎవరి తాలూకండీ?" అన్నాడు. "ఊరి తాలూకు" అన్నాను. "ఊరికి దారి ఇటు కాదండీ" అన్నాడు. ఊరికున్న దారినే చెరువు చేసి, ఊరికి దారి ఇటు కాదట!

మన మొదటి పిటిషనరు నాంచారయ్య ఇంట్లో దిగాను. నీకు తెలిసిన మనిషే, నిన్ను సముద్రం మీదికి తీసుకెళ్లే పడవ ఆయనదే కదా. నేను నిన్ను నాలుగు మాటలన్నానో లేదో, ఆయన భార్య సంపూర్ణమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"మా సాజిదమ్మ గారిని ఏమన్నా అంటే ఊరుకోనండీ. మా పిల్ల పురుడుకి ఆవిడే జీపు పంపారు."

"ఆవిడ రాసిన కాగితంతోనే మీ కేసు మునుగుతోందమ్మా!"

"మునిగితే మునుగుద్ది. ఆవిడేం చేస్తారు, పాపం! ఉద్యోగస్తురాలు."

ఎవరి తరపున వాదిస్తున్నానో నాకే అర్థం కాలేదు. ఊరు మునిగినా పరవాలేదు, సాజిదమ్మ గారి ఉద్యోగం ఉండాలి! ఈ మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. వీళ్ల మంచితనం మీదే కదా ఈ డెల్టాలో ప్రతి దొంగా మేడ కట్టింది.

మర్నాడు పొద్దున నాంచారయ్య తమ్ముడి తెప్ప మీద కాలవ నోటి దాకా వెళ్లాను. వల వేసి లాగితే తారు లాంటి బురద వచ్చింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఒక్క పురుగు లేదు. నాకు సైన్సు రాదు, ముక్కుంది. నీ యంత్రానికి ముక్కు లేదా?

తిరిగొచ్చి నాంచారయ్యని అడిగాను. "అక్కడ ఏమీ లేదు కదా, మరి ఆవిడకి అన్ని గుల్లలు ఎలా దొరికాయి?" ఆయన వల వైపు చూస్తూ "దొరికాయిగా. మంచిదేగా అండీ" అన్నాడు.

నువ్వు అబద్ధం రాశావని ఇప్పుడు అనుకోవడం లేదు. కానీ ఏదో తిరకాసు ఉంది. మళ్లీ వెళ్లు. నా కోసం వద్దు, నీ లెక్కల పరువు కోసం వెళ్లు.

ఎలిజబెత్


బందరు
15 నవంబరు 1997

లిజ్జీ,

వెళ్లాను.

ఈ ఏడు మా ఆఫీసుకి కొత్త యంత్రం వచ్చింది. ఉపగ్రహాల్ని చూసి మనం సముద్రం మీద ఎక్కడున్నామో అంకెల్లో చెబుతుంది. అది లేని రోజుల్లో ఒడ్డు మీది ఆనవాళ్లే గతి. మన తీరం నీకు తెలుసు కదా, కొండా లేదు బండా లేదు. రెండు మైళ్లు లోపలికెళ్తే ఒడ్డంతా ఒక్క ఆకుపచ్చ గీత. ఆ గీతలో కాలవ నోరెక్కడో, మడ అడవెక్కడో నాంచారయ్య కళ్లకి తెలుసు, నా కళ్లకి తెలియదు. "ఇదేనమ్మా" అంటే దించేదాన్ని.

మొన్న యంత్రం పట్టుకుని ఎక్కాను. ఎప్పటి చోటే అని పడవ ఆపాడు. అంకెలు చూశాను. మ్యాపు చూశాను. కాలవ నోరు అక్కడ లేదు. ఎంతో దక్షిణాన ఉన్నాం. యంత్రం పాడైందనుకున్నాను. మళ్లీ చూశాను.

"నాంచారయ్యా, ఇది కాలవ నోరు కాదుగా?"

"కాదమ్మా."

"మరి రెండేళ్లుగా?"

"ఇక్కడికేనమ్మా తెచ్చేది."

సిగ్గుపడలేదు, తడబడలేదు. పెళ్లివారికి పెరుగు ఎందుకు వేశావంటే ఎలా చూస్తారో అలా చూశాడు నన్ను.

మొదటి రోజు ఆయన నన్ను అడిగాడట, "ఏం దొరకాలమ్మా మీకు?" అని. "ప్రాణమున్నవి" అన్నానట. "దొరక్కపోతే?" అంటే "దొరకలేదని రాసుకుంటాను" అన్నానట. ఆ రాత్రి ఊళ్లో పెద్దలు కూర్చున్నారు. ఏమీ దొరకలేదని రాసేదానికి సర్కారు జీతమెందుకిస్తుంది? వేటకెళ్లినవాడు వరసగా ఖాళీ పడవతో తిరిగొస్తే వాణ్ని మళ్లీ పడవ ఎక్కనిస్తారా? ఈవిడనీ పీకేస్తారు. పైగా మన పడవ ఎక్కిన మనిషి బోణీ లేకుండా దిగితే అది పడవకే నామర్దా. కాలవ నోట్లో ఏముంది, కుళ్లు తప్ప? కాబట్టి కరువు దిబ్బకి తీసుకెళ్దాం.

కరువు దిబ్బ అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. సముద్రం అడుగున ఊరు దాచుకున్న గుల్లల నేల అది. మామూలు రోజుల్లో అక్కడ ఎవరూ వల వెయ్యరు. వేస్తే ఊరు వెలేస్తుంది. తుపానుకి వలలు పోయి తిండికి లేనప్పుడు మాత్రం ఊరంతా కలిసి వెళ్లి తెచ్చుకుంటారు. డెబ్భై ఏడు ఉప్పెనలో మిగిలినవాళ్లు మిగిలింది ఆ గుల్లలు తినే. అలాంటి చోటికి నన్ను తీసుకెళ్లి, లిజ్జీ, నేను దోసిళ్ల కొద్దీ వాటిని పైకి లాగి మందు సీసాల్లో చంపుతుంటే, ఏం మాట్లాడకుండా తాడు పట్టుకున్నారు. నా ఉద్యోగం నిలబడాలని!

నేను అరిచాను. "నా రెండేళ్ల పని బూడిదలో పోశావు! మీ కేసే మీ చేత్తో ముంచుకున్నారు!" అని నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన తెల్లబోయి, "ఖాళీ చెయ్యి చూపిస్తే ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాడు.

ఆ తర్వాత అసలు కాలవ నోటికి తీసుకెళ్లమన్నాను. దించాను. తారు బురద. నువ్వు చెప్పిన వాసనే. ఎన్నిసార్లు దించినా ప్రాణమన్నది లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఒక్క మాటే అడిగాడు. "దిబ్బ సంగతి బయట ఎవరికీ చెప్పకమ్మా" అన్నాడు.

సాజిదా


విజయవాడ
22 నవంబరు 1997

సాజీ,

చదివి కాసేపు నవ్వాను, ఆ తర్వాత తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇంత పిచ్చి మర్యాద ఇంకెక్కడైనా ఉంటుందా? ఇంటికి నిప్పంటుకుందని చూడ్డానికొచ్చినవాడికి వేడి తగలకూడదని తడిక అడ్డంపెట్టే మనుషులు!

సరే. ఇప్పుడు లాయరుగా మాట్లాడతాను, జాగ్రత్తగా విను.

నీ పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు ఆ పత్రికకి రాయి. కోర్టుకి ఒక అఫిడవిట్ ఇయ్యి. అందులో నాంచారయ్య పేరు రాకూడదు. ఆయన మొదటి పిటిషనరు. "పిటిషనర్లే సైంటిస్టుని పక్కదారి పట్టించారు, మురికి చేతుల్తో కోర్టుకొచ్చారు" అని వాళ్ల లాయరు ఒక్క మాటంటే కేసు ఆ పూటే చస్తుంది. మంచితనం వల్ల చేశారండీ అని నేను చెబితే కోర్టు హాలంతా నవ్వుతుంది. మంచితనానికి సెక్షను లేదు.

రెండోది. "చోటు మారింది" అని ఊరికే అంటే ఎవరూ నమ్మరు. ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో, పాత చోటూ కొత్త చోటూ, నీ యంత్రం చెప్పిన అంకెల్తో సహా ఉండాలి. అంకెలు లేకపోతే "రొయ్యల సంఘం మీద కోపంతో మాట మార్చింది" అంటారు.

నువ్వు రేపు కాదు, ఈ రోజే రాయి.

ఎలిజబెత్


బందరు
3 డిసెంబరు 1997

లిజ్జీ,

ఆగస్టులో నువ్వు నాకు నిజం గురించి పాఠం చెప్పావు. నవంబరులో నిజంలో ఎంత ముక్క కోర్టుకివ్వాలో కొలిచి చెబుతున్నావు. నీ దగ్గర త్రాసు బాగా పని చేస్తుంది.

అయినా ఆయన పేరు రాయను. నువ్వు చెప్పినందుకు కాదు. యంత్రం లేకపోయినా చోటు సరిచూసుకోవాల్సింది నేను, ఆయన కాదు. అంతవరకు అది నిజమే.

అంకెల దగ్గరే నాకు మనసొప్పడం లేదు. కాలవ నోటి అంకెలిస్తాను. దిబ్బ అంకెలు ఎందుకు? "వేరే చోట తీశాను" అంటే చాలదా? వాళ్లు నన్ను అడిగింది ఒక్కటే, దిబ్బ సంగతి బయట చెప్పొద్దని. నా కోసం తమ కొట్టు తెరిచి ఇచ్చినవాళ్లు.

ఆఫీసరు పిలిచాడు. "పేపరు వెనక్కి తీసుకుంటే మీకు రావలసిన హెడ్ పోస్టు రాదు మేడమ్, తెలుసుగా" అన్నాడు. తెలుసన్నాను. "పోనీ, ఎవరు గమనించారు, ఊరుకోండి" అన్నాడు. నా ఉద్యోగం కోసం అందరికీ ఎంత బెంగో!

దిబ్బ గురించి ఆలోచించి చెప్పు.

సాజిదా


విజయవాడ
8 డిసెంబరు 1997

సాజీ,

ఆలోచించాను. అంకెలు కావాలి.

కోర్టు కాగితం ఎవడు చదువుతాడే? జడ్జి చదువుతాడు, ఆయన గుమాస్తా చదువుతాడు. వాళ్లు వల తీసుకుని హంసలదీవి దాటి బయల్దేరతారా? నీ భయం అంతా మనసుది. నా భయం వాయిదాది. జనవరిలో ఆఖరి విచారణ. రెండు చోట్ల అంకెలూ లేకుండా నేను నిలబడలేను. బావులు, వేట, ట్యాంకరు దగ్గర కొట్టుకునే ఆడవాళ్లు, అందరూ నీ అంకెల మీద వేలాడుతున్నారు. ఇప్పుడు సున్నితం పనికిరాదు.

పంపు.

ఎలిజబెత్


విజయవాడ
30 జనవరి 1998

సాజీ, ఒసే సాజీ!

గెలిచాం! పూర్తిగా కాదులే, సగం గెలిచాం. కొత్తగా సర్వే చేసేదాకా కాలవలోకి చుక్క వదలకూడదని స్టే ఇచ్చారు. ఆ సర్వే నువ్వే చెయ్యాలన్నారు! రెండు చోట్ల అంకెల్తో సహా నీ అఫిడవిట్ చదువుతుంటే రామకోటేశ్వరరావు కాలు మీద నుంచి కాలు దించాడు, నేను చూశాను. వాళ్ల లాయరు లేచి "చోటు ఎలా మారింది? పడవ ఎవరిది?" అని కెలకబోయాడు. జడ్జి గారు "ఆవిడ బాధ్యత ఆవిడ తీసుకుంది, మీరు మీ మురుగు సంగతి చెప్పండి" అన్నారు.

మడపాలెం నుంచి నాంచారయ్య ఫోన్ చేయించాడు. కాలవ లాకులకి పోలీసుల ఎదటే తాళం పడిందట. ఊళ్లో మైకు పెట్టారట. "సాజిదమ్మ గారికి చెప్పండి" అన్నాడు. చెప్పాను.

నిన్ను ఆగస్టులో అన్నవన్నీ వెనక్కి తీసుకోవడం లేదు. సగం తీసుకుంటున్నాను. నేనూ సగం సగం మనిషినే కదా.

నీ లిజ్జీ


బందరు
11 ఏప్రిల్ 1998

ఎలిజబెత్,

ఈ ఉత్తరం నిలబడి చదవకు.

సర్వే కోసం మడపాలెం వెళ్లాను. ఒడ్డున నాంచారయ్య వల అల్లుతున్నాడు. "పడవ తీద్దామా?" అన్నాను. తలెత్తలేదు. సంపూర్ణమ్మ గుమ్మంలో నిలబడే ఉంది. లోపలికి రమ్మనలేదు. మంచినీళ్లు ఇవ్వలేదు.

"పడవ లేదండీ" అన్నాడు. "అమ్మా" అనలేదు, "అండీ" అన్నాడు. పడవ ఎదురుగా ఉంది.

పక్కింటి ముసలాయన చెప్పాడు. మార్చిలో పెద్ద మరపడవలు వచ్చాయి. అటూ ఇటూ వెతకలేదు. తిన్నగా దిబ్బ మీదికే వచ్చాయి. ఇనప పళ్లున్న చట్రాల్ని అడుగున ఈడ్చుకుంటూ పగలూ రాత్రీ దున్నాయి. వీళ్ల తెప్పలు అడ్డం వెళ్తే తాళ్లు తెంపారు. గుల్లలు బస్తాలకెత్తి రేవులో లారీల్లో వేశారు. లారీలు ఎక్కడికెళ్లాయో తెలుసా నీకు? చెరువులకి. గుల్ల మాంసం రొయ్యలకి మంచి మేత. ఊరు కరువుకని దాచుకున్నది రామకోటేశ్వరరావు చెరువుల్లో రొయ్యలు తింటున్నాయి.

వాళ్లకి చోటెలా తెలిసిందని నేను అడగలేదు. సంపూర్ణమ్మే అంది. "పడవలవాడి చేతిలో చిన్న యంత్రం ఉందండి. మీ దగ్గరున్నలాంటిదే. దాంట్లో చూసుకుంటూ వచ్చాడు."

నా అఫిడవిట్ కాపీ ఎదుటి పక్షానికి ఇవ్వాల్సిందే కదా, చట్టప్రకారం? "కోర్టు కాగితం ఎవడు చదువుతాడే" అన్నావు. చదవాల్సినవాడు చదివాడు.

సాజిదా


విజయవాడ
19 ఏప్రిల్ 1998

సాజీ,

మూడుసార్లు రాసి చింపాను.

మడపాలెం వెళ్లాను. పోలీసు స్టేషన్లో కేసు పెడదామని. సీఐ "సముద్రం ఎవడి సొత్తమ్మా? మరపడవలకి లైసెన్సుంది, ఎక్కడైనా వేటాడొచ్చు. దిబ్బ వీళ్లదని పట్టా ఉందా?" అన్నాడు. పట్టా! ఉప్పెనలో పిల్లల్ని పోగొట్టుకుని ఆ గుల్లలు తిని బతికిన మనుషుల్ని పట్టా అడుగుతున్నాడు! అరిచాను. బల్ల గుద్దాను. "మీరు లాయరు కదమ్మా, మీకే తెలియాలి" అన్నాడు. వాడన్నది చట్టమే, అదీ నా మంట. ఈ దేశంలో పేదవాడు ఆకలి రుజువు చెయ్యాలంటే గింజలెక్కడ దాచాడో దొంగకి కాపీ పెట్టి మరీ చెప్పాలి. ఆ రూలు నేను కంఠతా పట్టిన రూలే. దాంతోనే అన్నం తింటున్నాను.

సంపూర్ణమ్మ నన్ను తిడుతుందేమోనని వెళ్లాను. తిట్టించుకోవాలనే వెళ్లాను. ఆవిడ "మీరు గెలిచారుగా అమ్మా" అని లోపలికెళ్లిపోయింది.

మీరు, అంది. మనం అనలేదు.

సర్వే మాత్రం ఆపకు. స్టే ఉన్నది సర్వే దాకానే. నువ్వు రిపోర్టు ఇవ్వకపోతే మళ్లీ లాకులెత్తేస్తారు. కాలవ నోరు ఒక్కటి రాయి చాలు. కోర్టు అడిగింది అదే. దిబ్బ ఊసెత్తకు. ఎత్తితే వాళ్ల లాయరు "చూశారా, సముద్రం చావడానికి కారణం మురుగు కాదు, పడవలు" అని పట్టుకుంటాడు.

ఎలిజబెత్


బందరు
2 జూన్ 1998

ఎలిజబెత్,

సర్వే అయింది. మా ఆఫీసు పడవ బందరు నుంచి తీసుకెళ్లాను. మడపాలెం ఒడ్డు నుంచి ఎవరూ చెయ్యి ఊపలేదు.

రెండు చోట్లా దించాను. కాలవ నోటి దగ్గర లాకులు మూసి నెలలైనా బురద ఇంకా నల్లగానే ఉంది, వాసన కొంచెం తగ్గింది. దిబ్బ మీద విరిగిన పెంకులు వచ్చాయి. జల్లెడ నిండా పెంకులే. మిగిలిన పురుగొకటి ఎండలో మెలికలు తిరిగితే దాన్ని సీసాలో వెయ్యబుద్ధి కాలేదు. నీళ్లలో వదిలేశాను. ఒక సైంటిస్టు చెయ్యకూడని పని, అది కూడా రిపోర్టులో రాశాను.

ఆఫీసరు "కోర్టు అడిగిందే రాయండి మేడమ్, ఎక్కువ ఎందుకు" అన్నాడు. నువ్వూ అదే అన్నావు. మీ ఇద్దరికీ పడదనుకున్నాను ఇన్నాళ్లూ.

వాళ్ల లాయరు దిబ్బని పట్టుకుని మురుగుని తప్పిస్తాడంటావు. ప్రయత్నిస్తాడు. దానికి జవాబు చెప్పడం నీ పని, అందుకే ఫీజు లేకుండా కూడా నువ్వు లాయరువి. రెండు చావులకీ కర్త ఒకడేనని, ఒకదాన్ని మురుగుతో, ఇంకోదాన్ని మేత కోసమని చంపాడని నిలబడి చెప్పు. లారీలు ఏ చెరువుల దగ్గర ఆగాయో ఊరంతా చూసింది. సాక్ష్యం ఇమ్మని అడుగు. ఇవ్వకపోవచ్చు. మనకి ఇవ్వాలని ఎందుకుండాలి? అయినా వెళ్లి అడుగు. గుమ్మం బయటే నిలబెడతారు. నిలబడు.

రెండు చోట్లూ రాశాను. మొదటి దాని కింద కారణం, చెరువుల మురుగు. రెండో దాని కింద కారణం రెండు వాక్యాలు. ఇనప పళ్ల చట్రాలతో దున్నడం ఒకటి. ఊరు రహస్యంగా కాపాడుకుంటున్న ఆ చోటిని, చెప్పొద్దని ఊరు కోరినా, పిటిషనర్ల అడ్వొకేటు అడిగితే ఈ రిపోర్టు రాసిన మనిషి అంకెల్తో సహా ఎదుటి పక్షానికి అందించడం రెండోది. నీ పేరు, నా పేరు ఇంటిపేర్లతో సహా ఉన్నాయి.

దీనివల్ల ఒక్క గుల్ల తిరిగి రాదు. నాంచారయ్య పడవ ఇవ్వడు. ఇచ్చినా ఎక్కే ముఖం నాకు లేదు. కానీ ఆ నేల ఖాళీగా ఉందని లోకానికి చెప్పేటప్పుడు, అది ఎందుకు ఖాళీ అయిందో సగం చెప్పి ఊరుకోను.

రిపోర్టు దీనితో పంపుతున్నాను. సోమవారం దాఖలు చెయ్యి. అందులో ఒక్క లైను కొట్టేసినా నేనే హైదరాబాద్ వచ్చి, జడ్జి ఎదట నిలబడి, ఆ లైను గట్టిగా చదువుతాను.

సాజిదా